బడిలో బ్యాండు

మా స్టూడియోలో వాద్యబృందము కూర్చుండినప్పుడు, ధ్వనిముద్రణకు ముందు ఒక నిమిషము శ్రుతి కలుపుకొనుట కలదు. వీణ, వయొలిను, వేణువు, మృదంగము ఒక్కొక్కటే తంబురా చెంతకు వచ్చి చేరును. ఎర్రదీపము అప్పటికింకను వెలుగదు. ఆ నిమిషము శ్రోతలకు వినబడదు. మాకు మాత్రము ఆ నిమిషముననే సత్తెనపల్లిలోని ఒక పాఠశాల ఆవరణ, అందొక వేపచెట్టు, దాని క్రింద ఇనుపపెట్టెపై కూర్చున్న ఒక పెద్దమనిషి కంటియెదుట నిలచును. నేటి ప్రసంగము ఆయనను గూర్చియే. ఆయన పేరు ఇచ్చట చెప్పము. చెప్పవలసిన చోట చెప్పలేకపోయినవారికి ఇప్పుడా పేరును వాడుకొను హక్కు లేదని మా యభిప్రాయము.

మన సంగీతము ఒక్కరు పాడగా పదిమంది విను సంగీతమనియు, పదిమంది కలిసి వాయించుట దొరల బ్యాండుతో మనకబ్బిన విద్య యనియు అనువారు కలరు. సత్తెనపల్లికి దాపుననే అమరావతి యున్నది. అచ్చటి స్తూపమునుండి చెన్నపట్టణపు మ్యూజియమునకును, లండనులోని బ్రిటిషు మ్యూజియమునకును తరలిపోయిన సున్నపురాతి ఫలకములను చూచినవారు ఆ మాట అనజాలరు. నాట్యమాడు స్త్రీల చుట్టును స్త్రీలే కూర్చుండి, వింటివలె వంగిన వీణలను, వేణువులను, మద్దెలలను వాయించుచున్న దృశ్యములు వానియందు కలవు. సుమారు రెండువేల యేండ్ల నాటి ఆ శిల్పి ఒక్క వాద్యమును చెక్కి ఊరకుండలేదు. మేళమునే చెక్కినాడు.

అంత దూరము పోనేల? మన పెండ్లిపందిటి సన్నాయిమేళము కలసి వాయించుట కాదా? రెండు సన్నాయిలు, డోలు, శ్రుతి, తాళము. పెద్ద సన్నాయి ఆగిన చోటునుండి రెండవ సన్నాయి అందుకొనవలెను. అందుకొనినట్లు తెలియనీయరాదు. గుంటూరు, ప్రకాశం మండలములలో ఈ విద్యను తరతరములుగా నిలిపినవారిలో ముస్లిం కుటుంబములు పెక్కు. ఒంగోలు చెంత కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా ఆ కుటుంబములలోని వాడే. ఆయన శ్రీరంగమున స్థిరపడి, 1982లో అచ్చట నాదస్వర పాఠశాల నెలకొల్పి, 1998లో సంగీత కళానిధి యై, 1999లో స్వర్గస్థుడాయెను. చిలకలూరిపేట పేరు చెప్పినంతనే దక్షిణదేశమున నాదస్వరము తలపునకు వచ్చుటకు ఇట్టివారే కారణము. అయినను ఒక మాట దాచి ప్రయోజనము లేదు. ఒక్క చినమౌలానా పేరునకు ముందు బిరుదులు చేర్చిన చోటనే, వందలమంది సన్నాయివారిని పెండ్లివారు ఏకవచనమున పిలిచి, పంక్తి లేచిన తరువాత అన్నము పెట్టి పంపిరి. మేము చెప్పబోవు పెద్దమనిషి ఆ వందలలోని వాడు. ఇంటి విద్య సన్నాయి. బ్యాండుమేళముల కాలము వచ్చిన పిమ్మట కూటికొరకై క్లారినెట్టు పట్టినాడు. ఊరందరికిని ఆయన ‘బ్యాండు సాయిబు’.

అది 1994 డిసెంబరు మాసము. మేము తొమ్మిదవ తరగతి చదువుచుంటిమి. ‘మేము’ అనునది ఇచ్చట రేడియో మర్యాద మాత్రమే కాదు. ఆనాడు నిజముగానే మేము పదునారుగురము. ఎప్పుడో స్కౌటులకని కొన్న వాద్యములు ఒక ఇనుపపెట్టెలో పడియుండెను: పెద్ద డ్రమ్ము ఒకటి, సైడు డ్రమ్ములు నాలుగు, బ్యూగిళ్లు మూడు, ఇత్తడి తాళములు ఒక జత. గణతంత్ర దినోత్సవమునకు బడికి బ్యాండు ఉండవలెనని పెద్దలు తలచిరి. డ్రిల్లు మాస్టరుగారికి నడక తెలియును గాని వాయింపు తెలియదు. అందుచేత బ్యాండు సాయిబును పిలిపించిరి. ఆయన దొరకుటకును కారణమున్నది. ధనుర్మాసము, దాని వెంటనే పుష్యము. పుష్యమును మన ప్రాంతమున శూన్యమాసమందురు. పెండ్లిండ్లు లేవు, మేళములు లేవు, సంపాదన లేదు. మాఘము వచ్చువరకు ఆయన చవుకగా దొరకును. ఈ లెక్క ఆ పెద్దలకు తెలియును, ఆయనకును తెలియును.

మొదటి పదిదినములు ఆయన మాకు వాద్యము ముట్టనీయలేదు. నడవమనెను. నడచుచు చప్పట్లు కొట్టమనెను. ఎడమకాలు పడినప్పుడే చప్పట మ్రోగవలెను. నిమిషమునకు నూట యిరువది అడుగులు, అనగా అడుగునకు అర సెకండు. వినుటకు సులువే. ఇరువదవ అడుగునకు మా పదునారుగురి చప్పట పదునారు ముక్కలయ్యెను. “జొన్నచేలో వానపడ్డట్టుందిరా” అని ఆయన నవ్వెను.

పిమ్మట బ్యూగిలు. దానికి రంధ్రములు లేవు, మీటలు లేవు. ఇత్తడి గొట్టమొకటి, ఊదు పెదవులు రెండు, అంతియే. పెదవులు బిగించినకొలది స్వరము పైమెట్టునకు దుముకును. ఆ దుముకుటలో నడుమనున్న స్వరములు దొరకవు. షడ్జమము, పంచమము, పై షడ్జమము, గాంధారము, దానిమీద మరల పంచమము; స, గ, ప అను మూడక్షరములే మెట్లు మారి పలుకును. సైన్యములో మేల్కొలుపునుండి అమరవీరులకు అర్పించు అంజలివరకు ఈ మూడక్షరములతోనే నడచునని ఆయన చెప్పినప్పుడు మేము నమ్మలేదు. ముగ్గురు బ్యూగిలు పిల్లలలో ఒకడు మొదటి వారము ఊదగా వచ్చినది దూడ అరుపు. తరగతి గదులలో పాఠము ఆగిపోయినది. ఆగినందుకు సంతోషించినవారే యెక్కువ.

మా వంతునకు వచ్చినది వేణువు. బడిలో వేణువులు లేవు. ఇండ్లలో ఉన్నవి తెమ్మనిరి. ముందటేడు కోటప్పకొండ తిరునాళ్లలో కొన్నవి పదునాలుగు వచ్చెను. ఒక్కొక్కదాని శ్రుతి ఒక్కొక్క ఊరు. ఆయన వేపచెట్టు క్రింద కూర్చుండి ఒక్కొక్కటిగా ఊది, చెవియొగ్గి, కుడిప్రక్కకొకటి ఎడమప్రక్కకొకటి పెట్టుచు వచ్చెను. ఆరు మాత్రమే ఒక తల్లి పిల్లలని తేల్చెను. మా వేణువు ఆ ఆరింటిలో లేదు. మరియొకని వేణువు మాకిచ్చినారు. అతడు మూడు దినములు మాతో మాటాడలేదు.

వేణువు చేతికి రాగానే ప్రతివాడును తనది వినబడవలెనని ఊదును. మేమును అట్లే ఊదితిమి. ఆయన మా ప్రక్కకు వచ్చి నిలచి అనిన మాట ఇది: “నీది నీకే వినపడతా ఉందంటే ఎక్కువ ఊదుతున్నట్టు లెక్క అబ్బాయ్. పక్కోడిది వినపడాల. అదీ కొలత.” తరువాత విశ్వవిద్యాలయమున చదివితిమి, సంగీతమును గూర్చి లావుపాటి గ్రంథములు తిరుగవేసితిమి, ఇరువది యేండ్లుగా మైకుల నడుమ పనిచేయుచున్నాము. బృందవాద్యమునకు ఇంతకన్న చక్కని కొలత మాకెచ్చటను దొరకలేదు. ఆ సాయంత్రము మేము ఊపిరి తగ్గించితిమి. మొదటిసారి ఆరు వేణువులు ఒక్క వేణువుగా పలికిన క్షణమున మాకు భయము వేసినది. మనము ఊదుచున్నామో లేదో తెలియలేదు. పాట మాత్రము నడచుచున్నది.

ఆయన నేర్పిన మొదటి వరుస ముత్తుస్వామి దీక్షితుల నోటుస్వరములలోనిది. ‘శక్తిసహిత గణపతిం’ అను ఆ పాటను సంగీతము నేర్చు పిల్లలెల్లరు నేర్తురు. దీక్షితులవారు చెన్నపట్టణము చెంత మణలిలో ఉన్న దినములలో సెయింట్ జార్జి కోటలోని ఇంగ్లీషు బ్యాండును విని, ఆ వరుసలకు సంస్కృతమున సాహిత్యము కూర్చినారని ప్రతీతి. ఆంగ్లరాజు కీర్తనగా మ్రోగిన వరుసయే దీక్షితుల నోట ‘సంతతం పాహిమాం’ అయినది. ఇవన్నియు శంకరాభరణ స్వరములు. బ్యూగిలులోని సగపలు అందులో ఇమిడిపోవును. బ్యాండునుండి బయలుదేరిన పాట నూటయేబది యేండ్లు దాటి మరల బ్యాండునకు వచ్చి చేరినదన్న మాట. ఈ కథ ఆయనకు తెలియదు. “పిల్లల నోటికి తేలిగ్గా ఎక్కే వరస” అని మాత్రమే ఆయన ఎరుగును. అదియు నిజమే.

పుష్యమాసపు చలిలో ఉదయము వేణువు శ్రుతి దిగియుండును. ఊదగా ఊదగా లోని గాలి వేడెక్కి శ్రుతి పైకి పోవును. అందుచేత ఆయన వచ్చీరాగానే వేణువులను చొక్కాలలోపల దాచుకొని నడవమనెడివాడు. చలికన్న పెద్ద శత్రువు వేరొకటి ఉండెను. సంక్రాంతి దాటినదనగా కళ్లములలో మిరపకాయలు ఎండబెట్టుట మొదలిడుదురు. గాలి ఆ వైపునుండి తిరిగిన దినమున బ్యూగిలువారును వేణువులవారును దగ్గుటయే గాని ఊదుట లేదు. డ్రమ్ములవారు మమ్ములను చూచి నవ్వెడివారు. వారి కన్నులును ఎర్రగనే ఉండెడివి.

జాతీయగీతము వాయింపవలెనని ఆజ్ఞ. దానిని పూర్తిగా వాయించుటకు నియమిత కాలము సుమారు 52 సెకండ్లు. డ్రిల్లు మాస్టరుగారి గడియారముతో మా మొదటి ప్రయత్నమును కొలిచిరి. 80 సెకండ్లు పట్టెను. ఈ గీతమును పలువురు కలిసి ఒక్క తీరున పాడుటకు వీలైన వ్రాత కూడ మన తెలుగునేలపై ఒక కళాశాలలోనే జరిగినదని శ్రోతలలో కొందరు ఎరిగియుందురు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరుగారు మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చిరి. అచ్చటి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ఈ పాట పాడి వినిపించిరి. పాశ్చాత్య సంగీతమున ప్రవీణురాలును, కళాశాల అధ్యక్షులైన జేమ్సు కజిన్సుగారి భార్యయు అగు మార్గరెట్టు కజిన్సుగారు ఆ వరుసను స్వరపరచి వ్రాసిరి. రవీంద్రులు అచ్చటనే దానిని ఆంగ్లమున అనువదించిరి. ఒక కవి కంఠములో ఉన్న వరుస కాగితముమీదికి వచ్చినప్పుడే, ఆ కవిని ఎన్నడును వినని పిల్లలు కలిసి వాయింప వీలగును. సత్తెనపల్లి బడిలో మా ముందర కాగితము లేదు, క్లారినెట్టే కాగితము. ఆయన ఒక పాదము వాయించును, మేము అందుకొందుము. 80 సెకండ్లు 65 అయినవి, 58 అయినవి. 55 దగ్గర చాలినంత పోరాడి నిలచితిమి.

ఇక పెద్ద డ్రమ్ము సంగతి. దానిని వాయించువాడు మా తరగతివాడే. తల్లిదండ్రులకు సెంటు భూమి లేదు. వాని కుడిచేయి గడియారము. ఎన్నడును తొందరపడదు, ఎన్నడును అలసిపోదు. సంక్రాంతి సెలవులు తీరినను వాడు రాలేదు. పత్తి తుదితీత, మిరప మొదటికోత ఒక్కసారి పడినవి. తల్లితోబాటు చేలకు పోవుచున్నాడు. గణతంత్ర దినోత్సవమునకు ఇంక తొమ్మిది దినములు. అదే సమయమున బ్యాండు పిల్లలకు తెల్లని దుస్తులు కుట్టించుటకు ఊరిలో ఒక పెద్దమనిషి ముందుకు వచ్చెను. ఆయన కుమారుడును మా బ్యాండులోనే సైడు డ్రమ్ము వాయించుచుండెను. రానివానికి బదులు ఆ కుమారునికి పెద్ద డ్రమ్ము ఇచ్చిన బాగుండునని బడివారు సూచించిరి. సూచన యనగా ఏమో శ్రోతలు ఎరుగుదురు.

సాయిబుగారు వెంటనే కాదనలేదు. ఆ పిల్లవానికి డ్రమ్ము తగిలించి రెండు దినములు చూచెను. వాడు చెడ్డ వాయింపరి కాడు. అయినను నూరు అడుగులు నడచుసరికి దెబ్బ ముందునకు పరుగెత్తును. దానితో మా నడకయు పరుగెత్తును. మూడవ నాటి సాయంకాలము ఆయన కోతకు పోయినవాని ఇంటికి వెళ్లెను. మాలో ఇద్దరము వెంట పోతిమి. వాడప్పుడే చేనినుండి వచ్చి కాళ్లు కడుగుకొనుచుండెను. చేతులు మిరపఘాటుకు మండుచున్నవని మజ్జిగలో ముంచుకొనెను. ఆయన అచ్చటనే ఒక కిరసనాయిలు డబ్బా బోర్లించి, తాను క్లారినెట్టు తీసి, “కొట్టరా” అనెను. దీపాలవేళ దాటువరకు వాయించిరి. నాటినుండి వరుసగా ఐదు సాయంత్రములు అంతే. పాఠశాలలో ఆయన చెప్పినది ఒక్క మాట: “డ్రమ్ము ఎవరు మోసినా బడిదే అయ్యా. నడక మాత్రం ఆ పిల్లాడి చేతిలో ఉంది. ఆ రోజుకి వాణ్ణి పిలిపించండి.” పిలిపించిరి. కాని మరునాడు మరియొక వార్త వచ్చెను. ఉత్సవమునాడు బ్యాండును డ్రిల్లు మాస్టరుగారే నడిపింతురు, సాయిబు రానక్కరలేదు, కూలి ముట్టినది గదా అని.

1995 జనవరి 26వ తేదీ. మైదానమున జెండా, కుర్చీలు, షామియానా. మేము తెల్లని దుస్తులలో నిలచితిమి. పెద్ద డ్రమ్ము మోసినవాని దుస్తులు మాత్రము వదులుగా ఉండెను. అవి వేరొకని కొలతకు కుట్టినవి. నడక ప్రారంభమయ్యెను. మా వెనుక పిల్లలు వరుసలుగా నడచుచున్నారు. ఇచ్చట ధ్వనిశాస్త్రము ఒకటి అడ్డుపడును. శబ్దము సెకండునకు సుమారు 340 మీటర్లు పోవును. అరువదియెనిమిది మీటర్ల దూరమున నున్నవానికి డ్రమ్ము దెబ్బ సెకండులో అయిదవవంతు ఆలస్యముగా చేరును. అడుగునకు అర సెకండు మాత్రమే గదా. చివరి వరుసవారి కాలు వెనుకబడినట్లే కనబడును. డ్రిల్లు మాస్టరుగారు అది చూచి, పిల్లలు మందగించిరని తలచి, ఈల వేసి తొందరపెట్టిరి. సైడు డ్రమ్ములు ఈలను పట్టుకొనినవి. వేణువులు సగము ఇటు, సగము అటు. ఎనిమిది అడుగులు పోవుసరికి బ్యాండు రెండుగా చీలెను. ఆ ఎనిమిది అడుగులు ఇప్పటికిని మాకు కలలో వచ్చును.

పెద్ద డ్రమ్ము మారలేదు. వాడు ఈలవైపు చూడలేదు, షామియానావైపును చూడలేదు. వాని చూపు ప్రహరీ అవతలకు పోయియుండెను. మేమును చూచితిమి. గోడ అవతల రోడ్డుమీద, సైకిలు ప్రక్కన, ఇస్త్రీ చేసిన చొక్కాతో సాయిబుగారు నిలచియుండెను. చేయి మాత్రము నడుము దగ్గర లేచుచు దిగుచుండెను; ఇతరులకు కనబడునట్లు కాదు. ఒక్కొక్కరమే ఊపిరి తగ్గించితిమి. ప్రక్కవానిది వినబడుటకు ప్రయత్నించితిమి. వేణువులు మొదట వచ్చి చేరినవి, తాళములు తరువాత. దుస్తులిచ్చిన పెద్దమనిషి కుమారుడు సైడు డ్రమ్ములవారిలో అందరికన్న ముందుగా పెద్ద డ్రమ్ము వైపునకు తిరిగినాడు. ఈ మాట చెప్పుట న్యాయము. జాతీయగీతము 54 సెకండ్లలో ముగిసినది.

తరువాత ఉపన్యాసములు, యోగ్యతాపత్రములు. పదునారుగురి పేర్లు చదివిరి. దాత పేరు చదివిరి. డ్రిల్లు మాస్టరుగారికి శాలువ కప్పిరి. ఎవరు నేర్పినారని వేదికమీది అతిథి ఒకరు మమ్ములనే అడిగిరి, నవ్వుచు, చేయి మా భుజముపై వేసి. మేము డ్రిల్లు మాస్టరుగారి వైపు చూచి తల వంచుకొంటిమి. ఒక్క మాట అననక్కర లేకపోయినది. అతిథి తానే అర్థము చేసికొనిరి. మేము మాటకారులమని బడిలో పేరు. మాటయే మాకు కూడు పెట్టు వృత్తి కూడ అయినది. ఆనాడు మాత్రము ఆ మాట రాలేదు. గోడవైపు చూచునప్పటికి సైకిలు లేదు.

బృందవాద్యమునకు మన దేశమున తరువాత ఆదరము లేకపోలేదు, పూర్వమును లేకపోలేదు. ఆకాశవాణి 1952లో ఢిల్లీలో వాద్యబృందమును నెలకొల్పినది. రవిశంకరుగారు, టి.కె. జయరామయ్యరుగారు, అటుపిమ్మట మన ఈమని శంకరశాస్త్రిగారు దానికి సారథ్యము వహించిరి. ఇటీవల గణతంత్ర దినోత్సవములకు రక్షణశాఖవారును విద్యాశాఖవారును కలిసి బడిపిల్లల బ్యాండు పోటీలు జాతీయస్థాయిలో నడుపుచున్నారు. మంచిదే. పోటీ యనునది బ్యాండుకు బ్యాండుకు మధ్య ఉండవచ్చును. బ్యాండులోపల ఉండరాదు గదా. సత్తెనపల్లి 2022 ఏప్రిల్ నుండి పల్నాడు జిల్లాలోనిది. అచ్చటి పెండ్లి ఊరేగింపులలో నేడు డ్రమ్ముల పని పెద్ద పెట్టెలలోని రికార్డులు చేయుచున్నవి. పాత బ్యాండువారి పిల్లలలో ఎందరు ఆ పెట్టెలను లారీలకెక్కించుచున్నారో ఎవరును లెక్కింపలేదు.

2011లో గ్రామీణ వాద్యకారుల కార్యక్రమమునకై ఆ ప్రాంతపు కళాకారుల జాబితా తయారుచేయు పని మాకు పడెను. ఆ పేరు మేమే వ్రాసితిమి. ఎనుబదికి దగ్గరపడిన వయస్సున ఆయన మనుమని చేయి పట్టుకొని స్టూడియోకు వచ్చెను. మమ్ములను గుర్తుపట్టలేదు. మేమును చెప్పుకొనలేదు, పని ముగియనిమ్మని. గాజుటద్దమునకు ఇవతల మాతో కూర్చున్న యువ సాంకేతికుడు ధ్వని సరిచూచుచు, మైకులో మామూలుగా అనెను: “మాస్టారూ, మైకుకి కొంచెం దగ్గరగా జరగండి.”

ఆయన జరగలేదు. పిలిచినది ఎవరినో అని వెనుకకు తిరిగి చూచెను. గదిలో మరియెవరును లేరు. కొంతసేపు అటే చూచి, కుర్చీ ముందుకు లాగుకొని, క్లారినెట్టు రెల్లుపీకను పెదవులతో తడిపి షడ్జమము పట్టెను. మేము ఎర్రదీపము వెలిగించితిమి.